తొలి హెలికాప్టరుల జాడ

1986వ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతమువారు నేటికిని మరువలేదు. ఆ దినములలో మా మేనత్త కుటుంబము ఒక లంక గ్రామములో, చుట్టును ఎఱ్ఱనీరు పారుచుండగా, డాబామీద రెండు రాత్రులు గడిపినది. మూడవనాటి ఉదయమున ఒక హెలికాప్టరు వచ్చి, కొబ్బరిమట్టలు చెదరిపోవునంతటి గాలి రేపుచు, ఆహారపు పొట్లములు కొన్ని జారవిడిచి పోయినది. ఆ పొట్లములోని పులిహోర రుచిని మా మేనత్త బ్రతికినంత కాలము చెప్పుకొనుచుండెను. అది ఏ రకపు హెలికాప్టరు, దానిమీద ఏ నంబరు వ్రాసియుండెను, తరువాత అది యేమైనది అని మేము ఒకనాడు ఆమెను అడిగితిమి. ఆమె నవ్వి, “ఆకలితో ఉన్నవాడు వడ్డించే గరిటె నంబరు చూస్తాడటరా, అబ్బాయీ!” అన్నది.

ఆ మాట కాదనదగినది కాదు. కాని గరిటె యేమైనదో తెలిసికొనవలెనన్న కుతూహలము మమ్ము విడువలేదు. మేనత్త చూచిన హెలికాప్టరు జాడ మాకు దొరకలేదు. దాని నంబరును ఎవరును వ్రాసికొనలేదు గదా! అందుచేత మా వెదకులాటను మరింత వెనుకటి కాలమునకు మరల్చితిమి. యుద్ధరంగమున చిక్కుకొనిన మనుష్యులను మొట్టమొదట మోసికొని వచ్చిన హెలికాప్టరు ఏది? అది యిప్పుడు ఎక్కడ నున్నది? దాని తోడబుట్టినవి ఎన్ని మిగిలినవి? ఈ మూడు ప్రశ్నలకు దొరికిన సమాధానములనే ఈ పూట మీకు మనవి చేయదలచినాము. మేము విదేశములకు పోయి చూచినవారము కాము. పుస్తకములు, ప్రదర్శనశాలల జాబితాలు, పాత ఛాయాచిత్రములు—వీనిని ముందుంచుకొని ఇంటనుండియే వెదకితిమి. ఇట్టి వెదకులాటలో పాదములకు శ్రమ తక్కువ, కన్నులకు ఎక్కువ.

మేము వెదకిన యంత్రమును అమెరికా సైన్యమువారు “ఆర్-4” అని పిలిచిరి. పెద్దసంఖ్యలో తయారైన మొదటి హెలికాప్టరు అదియే. దానిని రూపొందించినవాడు ఇగార్ సికోర్‌స్కీ. ఆయన 1889లో కీవ్ నగరమున జన్మించెను. ఇరువది యేండ్ల ప్రాయముననే హెలికాప్టరు నిర్మింపబూని, రెండుమారులు ప్రయత్నించి, రెండుమారులును విఫలుడై, ఆ పనిని ప్రక్కకు పెట్టి పెద్ద విమానములు నిర్మించి పేరుగాంచెను. రష్యాలో విప్లవము వచ్చిన పిమ్మట 1919లో అమెరికా చేరెను. తొలి యత్నమునకు ముప్పది యేండ్ల తరువాత, 1939వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన, కనెక్టికట్ రాష్ట్రములోని స్ట్రాట్‌ఫర్డ్ అను ఊర, తలపై టోపీతో తానే యంత్రమునందు కూర్చుండి, దానిని నేలనుండి కొన్ని అంగుళములు లేపగలిగెను. అది ఎగిరిపోకుండ త్రాళ్లతో కట్టియుంచిరి. వి.ఎస్-300 అనబడు ఆ యంత్రమే మన ఆర్-4కు తల్లి.

హెలికాప్టరు నిర్మించుటలో గల చిక్కు ఏమి? విమానము ముందుకు పరుగెత్తి రెక్కల క్రిందికి గాలి తెచ్చుకొనును. హెలికాప్టరు నిలుచున్నచోటనే రెక్కలను త్రిప్పి గాలిని పట్టుకొనును. కాని పైన రెక్కలు ఒక దిక్కునకు తిరిగినపుడు క్రింది శరీరము ఎదురుదిక్కునకు తిరుగజూచును. త్రాడుతో వ్రేలాడదీసిన పీటమీద కూర్చుండి తిరుగలి త్రిప్పబోయినచో తిరుగలితోపాటు మనమును ఎదురుదిక్కునకు తిరుగుదుము గదా, అది యిట్టిదే. దీనికి విరుగుడుగా సికోర్‌స్కీ తోకచివర నిలువుగా ఒక చిన్న పంకా అమర్చెను. అది తోకను ఒక ప్రక్కకు నెట్టుచు శరీరమును నిలుకడగా ఉంచును. నేడు మన ఆకాశములో ఎగురు హెలికాప్టరులలో అధికభాగము ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

ఆర్-4 తొలి నమూనా 1942వ సంవత్సరము జనవరి 14వ తేదీన ఎగిరెను. లెస్ మారిస్ అనునాయన దానిని నడపెను. ఆ మే నెలలోనే అది స్ట్రాట్‌ఫర్డ్ నుండి ఒహాయో రాష్ట్రములోని డేటన్ నగరమున గల సైనిక విమానాశ్రయము వరకు 761 మైళ్లు మజిలీలు చేయుచు పోయినది. అచట దానిని చూడవచ్చినవారిలో ఆర్విల్ రైట్ ఒకడు. లోకములో మొదటి విమానమును ఎగురవేసిన సోదరులలో ఒకడు, హెలికాప్టరు తన ఊరిలో దిగుటను కన్నులార చూచెనన్నమాట.

ఆ యంత్రము ఎంత సామాన్యమైనదో వినుడు. ఇనుపగొట్టములతో చేసిన చట్రము, దానిపై గుడ్డ. ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుండుటకు చోటు. పైన మూడు రెక్కలు. అవి తిరుగునపుడు ఏర్పడు వలయమునకు అడ్డుకొలత 38 అడుగులు. ఒక్కొక్క రెక్కలో నడుమ ఉక్కుగొట్టము, దానికి అటునిటు కొయ్యతో చేసిన ప్రక్కటెముకలు, పైన మరల గుడ్డ. ఇంజను బలము తొలుత 165 గుఱ్ఱములకు, తరువాత 200 గుఱ్ఱములకు సమానము. గంటకు 75 మైళ్లకు మించిన వేగము లేదు. మనుష్యులు, పెట్రోలుతో కలిపి మొత్తము బరువు సుమారు 2,500 పౌనులు. అందులో దాదాపు 2,000 పౌనులు యంత్రపు బరువే. మిగిలిన కొద్దిపాటి బరువులోనే నడపువాడు, పెట్రోలు, మోయదగినది అన్నియు ఇముడవలెను.

కొయ్య, గుడ్డ గల రెక్కలకు ఒక దోషము కలదు. వర్షాకాలపు తేమకు అవి బరువెక్కును, ఎండకు తేలికపడును. మూడు రెక్కలును ఒకే ఎత్తున తిరుగకున్నచో యంత్రమంతయు వణకును, నడపువాని చేతిలోని కఱ్ఱ కొట్టుకొనును. ఆనాటి మెకానిక్కులు రెక్కల కొనలకు వేరువేరు రంగుల సుద్ద పూసి, అవి తిరుగుచుండగా ఒక గుడ్డజెండాను మెల్లగా వాని కొనలకు ఆనించెడివారు. గుడ్డపై పడిన రంగుగుర్తులు ఒకేచోట నుండినచో సరి. ఎగుడుదిగుడుగా నుండినచో రెక్కను సవరింపవలెను. మన వడ్రంగి దారమునకు సుద్ద పూసి దూలముపై గీత కొట్టునట్లే, ఆకాశయానమునకును సుద్దయే ఆధారమైనది.

ఇక మా వెదకులాట సంగతికి వచ్చెదము. ఇట్టి పనికి మొదట కావలసినది లెక్క. ఎన్ని పుట్టినవో తెలియక ఎన్ని మిగిలినవో చెప్పజాలము. తొలి నమూనా ఒకటి, పరీక్షలకు చేసినవి 3, సైన్యముచేత పని చేయించి చూచుటకు చేసినవి 27, ఆపైన పూర్తిగా సిద్ధమైనవి 100—మొత్తము 131. ఒక చిన్న గ్రామములోని గడపల సంఖ్యకు మించదు. పేరుపేరునను తెలిసికొనవచ్చునని తొలుత మేము సంతోషించితిమి.

ఆ సంతోషము చాలకాలము నిలువలేదు. ఒకే యంత్రము మూడు పేర్లతో జీవించినది. సైన్యమున అది ఆర్-4. నౌకాదళమునకును తీరరక్షకదళమునకును ఇచ్చినవి హెచ్.ఎన్.ఎస్-1 అనిపించుకొనినవి. బ్రిటనుకు పంపినవి హోవర్‌ఫ్లై అను పేరు ధరించినవి. చాలదన్నట్లు 1948లో అమెరికా వైమానికదళమువారు తమ హెలికాప్టరులన్నిటి అక్షరమును మార్చిరి. ఆర్-4 కాస్తా హెచ్-4 అయినది. దళము మారినప్పుడెల్ల నంబరును మారెను. ఈ సంగతి యెరుగనివాడు ఒకే యంత్రమును మూడుగా లెక్కించును. లేదా మూడింటిని ఒకటిగా పొరబడును. మేమును తొలి మాసములలో ఈ రెండు తప్పులును చేసితిమి.

సైన్యపు నంబరు మాత్రము కొంత సాయపడినది. ఉదాహరణకు 43-46506 అను నంబరు గలదనుకొందము. ముందరి 43 అనునది ఏ ఆర్థిక సంవత్సరపు పద్దుక్రింద దానిని కొనిరో తెలుపును, అనగా 1943. తరువాతి అంకెలు వరుససంఖ్య. మన ఇండ్లలో ఇత్తడి బిందెమీద పేరును సంవత్సరమును చెక్కించుకొనుట కలదు. ఏ తరమువారు కొనినది, ఎవరి పెండ్లికి వచ్చినది ఆ చెక్కుడే చెప్పును. నంబరు అట్టిది. రంగు మారును, పేరు మారును. యంత్రముమీద బిగించిన రేకుమీది నంబరు ఊడిపోకున్నచో జన్మము తెలియును.

ఈ యంత్రములు చేసిన పనులు కొన్ని చిరస్మరణీయములు. 1944వ సంవత్సరము జనవరి 3వ తేదీన న్యూయార్కు రేవు వెలుపల టర్నర్ అను యుద్ధనౌక ప్రేలిపోయినది. గాయపడిన నావికులను సాండీహుక్‌లోని ఆసుపత్రికి చేర్చిరి. వారికి ఎక్కించుటకు రక్తద్రవము తక్షణము కావలసివచ్చెను. హిమపాతముచేత విమానములు ఎగురలేదు. తీరరక్షకదళమునకు చెందిన ఫ్రాంక్ ఎరిక్‌సన్ నగరపు కొననుండి రక్తద్రవపు పెట్టెలను తన హెలికాప్టరునకు కట్టుకొని 14 నిమిషములలో చేర్చెను.

అంతకంటె మనకు దగ్గరిది బర్మా కథ. ఆ 1944వ సంవత్సరముననే వింగేట్ సేనానియొక్క చిండిట్ దళములు బర్మా అడవులలో జపానువారి వెనుకభాగమున దిగి పోరాడుచుండెను. వారికి ఆకాశమునుండి సాయమందించుటకు అమెరికావారి మొదటి ఎయిర్ కమాండో దళము మన అస్సాములోని లాలాఘాట్, హైలాకాండి మైదానములలో విడిసియుండెను. ఆ దళమునకు ఆర్-4 హెలికాప్టరులు కొన్ని చేరినవి. వానిని విడదీసి తెచ్చి, లాలాఘాట్‌లో మరల కూర్చిరి. అనగా యుద్ధరంగమునకు రక్షణకై బయలుదేరిన మొదటి హెలికాప్టరు మన నేలమీదనుండియే లేచినది.

ఆ కొండలు, ఆ అడవులు తెలుగువారికి క్రొత్తవి కావు. రంగూనులో రేవుపనులు, మిల్లుపనులు చేసికొని బ్రతుకుచుండిన తెలుగువారు 1942లో జపానువారు వచ్చినపుడు వేలకొలదిగా బయలుదేరి, మణిపురము, అస్సాముల మీదుగా నడచివచ్చిరి. దారిలో పడిపోయినవారికి సాయము లేదు. పడినవానిని లేపి మోసికొని పోగల సాధనము ఆకాశమున రాదగునని ఆనాడు ఎవరును ఊహింపలేదు. రెండేండ్లకు అది వచ్చినది.

1944 ఏప్రిల్ 21వ తేదీన, జబ్బుపడి, గాయపడియున్న ముగ్గురు బ్రిటిషు సైనికులను ఎక్కించుకొని వచ్చుచున్న ఒక చిన్న విమానము శత్రువుల వెనుక అడవిలో కూలినది. దానిని నడపుచుండిన సార్జెంటు ఎడ్ హ్లాడోవ్‌చాక్, ఆ ముగ్గురును ప్రాణములతో బయటపడి కొండవాలున దాగిరి. తమవారి విమానములు పైనుండి వారిని కనుగొని ఆహారమును చీటీలను జారవిడిచెను గాని, ఆ పొదలలో దిగుటకు చోటు లేదు. చుట్టును జపాను సైనికులు. అపుడు లాలాఘాట్‌లోని లెఫ్టినెంటు కార్టర్ హార్మన్‌కు తన హెలికాప్టరుతో రమ్మని కబురు వచ్చెను.

హార్మన్ చదువుచేత సంగీతజ్ఞుడు. సికోర్‌స్కీ కర్మాగారముననే హెలికాప్టరు నడపుట నేర్చినాడు. అతని యంత్రము ఒకమారు పోసిన పెట్రోలుతో సుమారు 130 మైళ్లు మాత్రమే పోగలదు. మరొక విమానపు పెట్రోలు తొట్టిని ఊడదీసి దీనికి కట్టిరి. అతడు కొండలు దాటి, దిగుచు లేచుచు, బర్మాలోని తారో చేరి, అచటినుండి చిండిట్‌ల స్థావరమైన అబర్డీన్ చేరెను. ఏప్రిల్ 25వ తేదీన కొండవాలు మీద, మనుష్యులు దాగియున్న చోటికి సమీపమున దిగెను.

అక్కడ నున్నవారు నలుగురు. యంత్రము మోయగలిగినది ఒకనిని మాత్రమే. ఆ వేసవి వేడికి గాలి పలుచబడియుండెను; రెక్కలకు పట్టు చాలదు. కావున హార్మన్ ఒక్కొక్క సైనికుని ఎక్కించుకొని కొద్దిదూరమున నదిలోని ఇసుకతిన్నె మీదికి చేర్చుటయు, అచట కాచియున్న చిన్న విమానము వానిని తీసికొనిపోవుటయు జరిగెను. ఇరువురను చేర్చునప్పటికి ఇంజను కాగిపోయినది. ఆ రాత్రికి పని ఆపవలసివచ్చెను. కొండవాలున ఇంకను ఇరువురు మిగిలియుండిరి. మరునాడు 26వ తేదీన యంత్రము మరల లేచినది. మూడవ సైనికుడు, కట్టకడపట సార్జెంటు హ్లాడోవ్‌చాక్ బయటపడిరి. నలుగురు మనుష్యులు, నాలుగు ప్రయాణములు, రెండు దినములు. హెలికాప్టరు ఎందుకని అడిగినవారికి సమాధానము దొరికినది.

హార్మన్ యుద్ధము ముగిసిన పిమ్మట మరల సంగీతమునకు పోయి, న్యూయార్క్ టైమ్స్ పత్రికలో సంగీత విమర్శకుడుగా పనిచేసి, స్వరరచనలు చేసి, 2007లో కాలధర్మము చెందెను. మరి అతని హెలికాప్టరు?

ప్రదర్శనశాలల జాబితాలలో మేము మొదట వెదకినది దానికొరకే. బర్మాలో పనిచేసిన యంత్రమును ఏదో యొకచోట అద్దపుగదిలో పెట్టి, ముందు ఫలకము వ్రాసి యుందురని తలచితిమి. అట్టిది ఎక్కడను లేదు. నలుగురిని మోసిన ఆ యంత్రము తాను మిగులలేదు.

ఎందుచేత? ఆలోచించినకొలది అది విచిత్రము కాదని తోచినది. హెలికాప్టరు ఎద్దుబండివంటిది కాదు. ఇరుసుకు కందెన పెట్టి తరతరములు వాడుకొనుటకు వీలులేదు. దాని రెక్కలకు, ఇరుసునకు, తోకపంకాకు ఇన్ని గంటలని ఆయుఃప్రమాణము కలదు. గంటలు నిండినపుడు చూపునకు బాగుగనే యున్నను వానిని తీసివేసి క్రొత్తవి బిగింపవలెను. క్రొత్తవి తయారగుట ఆగినదా, యంత్రము ఆగినట్లే. ఆర్-4 విషయమున ఆ ఆగుట మిక్కిలి త్వరగా వచ్చినది. యుద్ధము ముగియకమునుపే అదే సికోర్‌స్కీ రూపొందించిన ఆర్-5, ఆర్-6 వచ్చినవి. 1946లో బెల్ కంపెనీవారి హెలికాప్టరు పౌరుల వాడుకకు అనుమతి పొందినది. ఇన్ని క్రొత్తవి వచ్చిన తరువాత మూడేండ్ల పాత యంత్రమునకు కొయ్యరెక్కలు చేసియిచ్చువాడు ఎవడు? యుద్ధరంగమున మిగిలిన సామగ్రిని తిరిగి మోసికొని పోవుటకంటె అక్కడనే విరిచివేయుట చవుక అని సైన్యములు తలచెడివి. అడవితేమలో గుడ్డ చివుకును, కొయ్య పుచ్చును, ఇనుము పాతసామానుల వానికి చేరును.

మరి మిగిలినవి ఎట్లు మిగిలినవి? ఇది మా వెదకులాటలో మాకు తెలిసిన ముఖ్యవిషయము. మిగులుటకు మార్గములు రెండు కనిపించినవి.

మొదటిది, మొదటిది యగుట. తల్లి యంత్రమైన వి.ఎస్-300ను 1943లోనే, యుద్ధము నడచుచుండగానే, మిషిగన్ రాష్ట్రము డియర్‌బర్న్‌లోని హెన్రీ ఫోర్డు ప్రదర్శనశాలకు ఇచ్చిరి. ఆర్-4 తొలి నమూనా—1942 జనవరిలో ఎగిరినదే—స్మిత్‌సోనియన్ సంస్థవారి వశమై, నేడు వర్జీనియా రాష్ట్రములోని వారి విమాన ప్రదర్శనశాలయందున్నది. దాని నంబరు 41-18874. జ్యేష్ఠపుత్రునికి ఇంటిలో ఎపుడును ఒక పీట యుండునట్లు, వీనికి చోటు దొరికినది.

రెండవది, బడిలో చేరుట. డేటన్‌లో అమెరికా వైమానికదళపు జాతీయ ప్రదర్శనశాల కలదు. అచట నిలిచిన ఆర్-4 నంబరు 43-46506; ఇంతకుముందు మేము ఉదాహరణగా చెప్పినది దీనినే. దానిని ఇచ్చినది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము, ఇచ్చినది 1967లో. బ్రిటనులో రాయల్ ఎయిర్ ఫోర్సు ప్రదర్శనశాలవద్ద ఒక హోవర్‌ఫ్లై కలదు, నంబరు కె.కె.995. అది సైన్యము విడిచిన తరువాత క్రాన్‌ఫీల్డ్‌లోని వైమానిక కళాశాలలో ఉండెను. ఇట్లు కళాశాలకు చేరిన యంత్రము ఎగురదు, కనుక అరుగదు. విద్యార్థులు దాని మూతలు తెరచి చూచుదురు, మరల మూయుదురు. పాఠములు మారిన పిమ్మట కొట్టుగదిలో ఒక మూల చేరును. ఆ మూలయే దానిని కాపాడును.

ఇవిగాక ఆర్-4 పుట్టిన కనెక్టికట్ రాష్ట్రములోనే, విండ్సర్‌లాక్స్‌లోని ప్రదర్శనశాలలో ఒకటి. అలబామాలోని సైనిక వైమానిక ప్రదర్శనశాలలో ఒకటి. కాలిఫోర్నియాలోని చీనో అను ఊర ఒకటి. కెనడా రాజధానియైన ఒట్టావాలో ఒకటి కలవు. మొత్తముమీద 131లో మిగిలినవానిని చేతివేళ్లమీద లెక్కింపవచ్చును.

ఇందులోని వింత మీరును గమనించియుందురు. పనిచేసినవి అరిగిపోయినవి; పనిచేయనివి మిగిలినవి. బర్మా అడవిలో కాగిపోయిన ఇంజనుతో రాత్రి గడిపినది నేడు లేదు. తరగతిగదిలో నీడపట్టున నిలిచినది నేడు తళతళలాడుచున్నది. ఇది తలచికొని తొలుత మాకు కొంత చింత కలిగినది. అర్హమైనది పోయి, అదృష్టము కలది మిగిలినదిగదా అని. కాని, తరువాత మరియొక విధముగా తోచినది. వంటింటిలో నిత్యము వాడిన గరిటె అరిగి అరిగి ఒకనాటికి పారవేయబడును. పెండ్లికి పెట్టిన వెండిగరిటె పెట్టెలో మిగులును. ముత్తవ్వ ఎట్లు వడ్డించెనో తెలియవలెనన్న, మనకు చేతికి దొరకునది ఆ వెండిగరిటెయే. దాని వంపునుబట్టి అరిగిపోయినదానిని ఊహించుకొందుము. డేటన్‌లోని యంత్రము బర్మాకు పోలేదు. కాని, హార్మన్ కూర్చున్న ఆసనము ఎంత ఇరుకో, అతని తలపై తిరిగిన రెక్కలు ఎంత బలహీనములో, ప్రక్కన ఒకనిని కూర్చుండబెట్టినచో ఏమి చోటు మిగులునో చూపగలవి ఆ కొన్ని యంత్రములు మాత్రమే. అవి లేకున్నచో నాలుగు ప్రయాణములు ఎందుకు చేయవలసివచ్చెనో గ్రంథమున చదివినను మనసునకు ఎక్కదు.

ఇచట ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. ప్రదర్శనశాలలో నిలిచిన పాతయంత్రమంతయు పాతదే యని నమ్మరాదు. గుడ్డ చివికినచోట క్రొత్తగుడ్డ వేయుదురు. లేని భాగమును మరియొక శిథిలమునుండి తెచ్చి బిగింతురు. అది తప్పు కాదు. అట్లు చేయకున్నచో యంత్రము నిలువదు. కాని, ఏది పాతది, ఏది క్రొత్తది, ఏది ఎచటినుండి వచ్చినది అను సంగతి వ్రాసియుంచకపోవుట తప్పు. యంత్రముతోపాటు దాని పద్దుపుస్తకము—ఎన్ని గంటలు ఎగిరినది, ఎవరు నడిపిరి, ఎప్పుడేమి మార్చిరి అను పుస్తకము—ఉండవలెను. పుస్తకము పోయిన యంత్రము పేరు తెలియని శిల్పమువంటిది.

ఈ మాటలు దూరదేశములను గూర్చినవని శ్రోతలు తలపవచ్చును. కాని, మన విశాఖపట్టణమున ఇదే కథ మన కన్నులయెదుట నడచినది. 2007లో మన నౌకాదళము అమెరికానుండి జలాశ్వ అను ఓడను కొనినపుడు దానితోపాటు యు.హెచ్-3హెచ్ అను హెలికాప్టరులు ఆరు వచ్చినవి. అవి సికోర్‌స్కీ స్థాపించిన కంపెనీ చేసినవే, ఆర్-4 వంశములోనివే. 2009వ సంవత్సరము మార్చి 24వ తేదీన విశాఖలోని డేగా స్థావరమున “సారస్” అను పేరుతో వాని దళము ఏర్పడినది. సముద్రములో చిక్కుకొనినవారిని వెదకి తెచ్చుటకును, విపత్తులలో ఆదుకొనుటకును అవి ఉపయోగపడినవి. 2024వ సంవత్సరము జూన్ 28వ తేదీన వానికి వీడ్కోలు చెప్పిరి. వానిలో ఒకదానిని విశాఖ ప్రజలు చూచుటకై నగరమున నిలుపుటకు నిర్ణయించిరి. కురుసుర జలాంతర్గామిని, దాని యెదుట నిలిపిన విమానమును సముద్రతీరమున ఇదివరకే చూచినవారికి ఇట్టి నిర్ణయపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మా మనవి యొక్కటే. యంత్రమును నిలుపుట సగము పని. ఉప్పుగాలికి ఇనుము ఎట్లు కరగునో తీరవాసులకు మేము చెప్పవలెనా? రంగు వేయుట ఎంత అవసరమో, ఆ యంత్రము నడిపినవారి, బాగుచేసినవారి మాటలు వ్రాసియుంచుట అంత అవసరము. వారిలో పలువురు నేడు మన నడుమనే యున్నారు. ఏ తుపానులో ఏ ఊరికి పోయిరో, ఏ రాత్రి ఎవరిని సముద్రమునుండి పైకి లాగిరో చెప్పగలవారు వారే. ఇంకొక ఏబది యేండ్లకు ఎవరో మనవంటివారు ఆ యంత్రపు జాడ వెదకుదురు. అప్పటికి చెప్పువారు ఉండరు.

శ్రోతలు చేయదగిన పనియు ఒకటి కలదు. ఇకముందు ఏ వరదకో, ఏ తుపానుకో మీ ఊరిమీదికి హెలికాప్టరు వచ్చినచో, పొట్లము అందుకొనినవారు అందుకొననిండు; ఆకలి ముందు, తక్కినవన్నియు తరువాత. అందులకు మా మేనత్త మాటయే ప్రమాణము. కాని, ఇంటిలో చదువుకొన్న పిల్లవాడొకడు డాబామీద నిలిచి, తోకమీది అంకెలు కనిపించినంతవరకు చూచి, తేదీతోకూడ ఒక కాగితముపై వ్రాసి, ఇంటి పద్దుపుస్తకములో ఉంచునుగాక. 1986లో మా లంకకు వచ్చినది ఏదియో మాకు ఇక తెలియదు. మీ ఊరికి వచ్చినది ఏదియో మీ మనుమలకు తెలియును.